ఆటోనగర్‌లో చప్పట్లు

ఆడపిల్లల అక్రమ రవాణాకు వ్యతిరేకంగా మా మల్కాపురం చర్చి యువత తుని నుంచి విశాఖ దాకా నడిచాం. ఆగిన ప్రతిచోటా వీధి నాటకం వేసేవాళ్లం. మెళ్లో 'బ్రోకర్' అని అట్ట తగిలించుకునేది సుధీర్ అన్నయ్య. అతను జుట్టు పట్టి ఈడ్చుకెళ్లే పిల్లను నేను. "ఇది నాటకం కాదు, నిజం!" అన్న నా అరుపుతో నాటకం ముగిసేది.

ఆఖరి రోజు మధ్యాహ్నం ఆటోనగర్‌లో జనం మూగారు. మేమింకా మొదలుపెట్టనేలేదు. ఎవడో ఒక పిల్లను జుట్టు పట్టి వ్యాన్ వైపు ఈడ్చుకెళ్తున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఈడ్పించుకోవాల్సిన నేను ఇక్కడ మజ్జిగ తాగుతున్నాను!

పరిగెత్తి వాడి చెయ్యి కండ ఊడేలా కొరికాను. వాడు నా కడుపులో తన్నాడు. కిందపడి, నోటినిండా రక్తంతో "ఇది నాటకం కాదు, నిజం!" అని అరిచాను. చప్పట్లు ఇంకా పెరిగాయి.

"పిల్ల బాగా సేత్తంది బావా!" అన్నారెవరో.

ఇంతలో మెళ్లో అట్టతోనే సుధీర్ అన్నయ్య దూసుకొచ్చి డప్పు కర్రతో వాడి ముక్కు పగలగొట్టాడు.

"ఇదేటి, ఇద్దరు బ్రోకర్లా?" అన్నారు జనంలో ఒకరు.

చప్పట్లు ఆగిపోయాయి. ఆ తర్వాత అదే జనం పోలీసులు వచ్చేదాకా వాణ్ణి చితకబాదారు.

పెదవి చిట్లిన ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని అడిగింది. "అక్కా, ఆడు నన్ను కొడతంటే ఆళ్లెందుకు సప్పట్లు కొట్టారు?"

ఇప్పటికీ నాటకం వేస్తున్నాం. చప్పట్లు వినపడగానే నా కళ్లు జనం వెనక్కి పోతాయి, అక్కడ ఇంకెవరినైనా ఈడ్చుకెళ్తున్నారేమోనని.