నిప్పు కోసం వచ్చిన అవ్వ

ఒక కరువు ఏడాది, కొత్తకోట దాటాక ఒక స్టేజీ దగ్గర బస్సు కోసం కూర్చున్నాను. అక్కడున్నది ఒక్క చాయ్ హోటలే. బీడు పొలాల మీదుగా ఒక ముసలామె పిడక పట్టుకొని వచ్చింది.

“జర నిప్పు పెట్టు నాయినా” అని హోటలాయనను అడిగింది.

పొరుగింటి పొయ్యిలోంచి నిప్పు తెచ్చుకోవడం అప్పుడు అన్ని ఊళ్లలోనూ ఉన్నదే. కానీ ఈమె చాలా దూరం నడిచి వచ్చినట్టుంది, మోకాళ్ల దాకా దుమ్ము. నేను నా అగ్గిపెట్టె ఇవ్వబోయాను.

“అగ్గిపెట్టె నా ఇంట్ల గూడ ఉన్నది బిడ్డా. ఊరంత కూలికి వలసపోయింది. ఇండ్లు చూసుకొమ్మని నన్నొక్కదాన్ని ఉంచిన్రు. పొద్దంత ఒక్క మాట ఇనపడదు. పుల్ల గీస్తె పొయ్యి అంటుకుంటది. గని నిప్పుకు పోతెనే గద, ఏం వండుతున్నవని ఎవలన్న అడిగేది.”

హోటలాయన పిడక మీద నిప్పు పెట్టి గ్లాసులు కడుక్కోవడానికి వెళ్లాడు. ఆమె అక్కడే నిలబడింది.

“ఏం వండుతున్నవ్ అవ్వా?” అని నేనే అడిగాను.

ఆమె నా వైపు తిరిగింది.

“వండెటందుకు ఏమున్నది బిడ్డా” అని, నిప్పు ఆరిపోకుండా ఊదుకుంటూ వచ్చిన దారినే వెళ్లిపోయింది.