ముత్తమ్మ కొమ్ముల తొక్కు, నా ఉప్పుచేప

మా చిన్నప్పుడు... హాస్టల్లో అన్నం గంట కొట్టారంటే ఒక చేత్తో కంచం, ఇంకో చేత్తో డబ్బా పట్టుకుని ఉరికేవాళ్ళం. కంచం హాస్టల్ వాళ్ళది, డబ్బా ఇంటిది. పప్పులో పప్పు కోసం వెతుక్కునే రోజులవి... డబ్బా లేకపోతే ముద్ద దిగేది కాదు.

భద్రాచలం వైపు ఆడపిల్లల హాస్టల్ అది. నేను ఏడో తరగతి. మాది పెనుబల్లి దగ్గర పల్లె. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి... గొప్పలే చెప్పుకుంటున్నాను. మా నాయనమ్మ చేసిన ఉప్పుచేప లాంటిది మీరెవరూ తిని ఉండరు.

చెరువులో చేపలు పట్టిన రోజు గంపెడు తెప్పించేది. కడిగి, చీల్చి, పసుపు రాసి, కుండలో ఒక వరస చేప, ఒక వరస కల్లుప్పు... మర్నాడు తీసి నులకమంచం మీద పరిచి నాలుగైదు రోజులు ఎండబెట్టేది. కాకుల్ని తోలే ఉద్యోగం నాది. నేను హాస్టల్‌కి బయల్దేరే ముందు వాటిని నిప్పుల మీద కాల్చి, ముక్కలుగా తుంచి నా డబ్బాలో పెట్టేది. పైన కాగితం పరిచి అటుకులు పోసేది.

ఆ అటుకులు ఎందుకంటే... హాస్టల్లోకి నీచు తేకూడదని వార్డెన్ మేడమ్ రూలు. దొరికితే పేరు కొట్టేసి ఇంటికి పంపిస్తానని అందరి ముందూ చెప్పింది. ఇంటి దగ్గర మా నాన్న అంతకంటే గట్టిగా చెప్పాడు. "ఒక్కసారి తిరిగొచ్చావంటే ఇక బడి లేదు, పొలం పనే."

నా పక్క మంచం ముత్తమ్మది. వాళ్ళ ఊరు బాగా అడవి లోపల. ఇంట్లో వాళ్ళ భాష, మాతో తెలుగు. వాళ్ళమ్మ వానాకాలంలో లేత వెదురు కొమ్ములు తెచ్చి, సన్నగా తరిగి, పులియబెట్టి, ఎండబెట్టి, ఎండుమిరపకాయలు వేసి తొక్కు దంచి పంపేది. మొదటి రోజు ఆ వాసనకు ముక్కు మూసుకున్నాను. మూడో రోజుకి ఆమె డబ్బా నేనే నాకుతున్నాను. నా చేపలో సగం ఆమెకు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఒకసారి వారం రోజులు ముసురు పట్టింది. బట్టలు ఆరవు, గోడలన్నీ చెమ్మ. నా డబ్బా మూత వదులై, చేపకు తేమ తగిలి గదంతా కంపు... మేడమ్ వచ్చి అందరినీ పెట్టెలు తెరవమంది. ముందు ముత్తమ్మ పెట్టె దగ్గరే ఆగింది. తొక్కు డబ్బా మూత తీసి మొహం తిప్పుకుంది.

"ఇదీ సంగతి. ఇది తిండేనా అసలు?" అని ఆ తొక్కును గోడ అవతల పారబోయించింది. నా పెట్టె దాకా రానే లేదు.

ముత్తమ్మ నా వైపు ఒక్కసారి చూసింది. తర్వాత వంగి తన బట్టలు మడత పెట్టుకుంది.

నేను నోరు తెరవలేదు. క్లాసులో ఎవరికి దెబ్బలు పడినా అడ్డం వెళ్ళి వాదించే నేను... భయపడ్డాను. బడి పోతుందని భయం. మూడు రోజులు ముత్తమ్మ ఆ నీళ్ళ పప్పే తింది. నా డబ్బా తీయడానికి నాకూ చేతులు రాలేదు.

నాలుగో రోజు ఆదివారం. వాళ్ళమ్మ వానలో నడిచొచ్చింది. చేతిలో అడ్డాకు పొట్లాలు రెండు.

"ఒకటి దీనికి, ఒకటి నీకు బిడ్డా. నీకు మస్తు ఇష్టమట గద. మొన్నటిది ఒడిసిందా?" అని నన్నే అడిగింది.

మాట ముత్తమ్మే అందుకుంది. "అవ్ అమ్మా, ఇద్దరం తిన్నం. మంచిగుండె."

ఇక ఉండలేకపోయాను. డబ్బా తీసుకుని నేరుగా మేడమ్ గదికి వెళ్ళి బల్ల మీద పెట్టాను.

"కంపు దీనిది మేడమ్. ముత్తమ్మది కాదు."

మేడమ్ మూత తీసి చూసింది. "ఈ మాట ముత్తమ్మకు చెప్పినవా?" అంది.

చెప్పలేదు.

"ముందు అక్కడికి పో. తర్వాత నీ సంగతి చూస్తా."

ముత్తమ్మ వాళ్ళమ్మను సాగనంపి గేటు దగ్గరే నిలబడి ఉంది. "తప్పయింది. మేడమ్‌కి చెప్పేశాను," అన్నాను.

"నువ్వు చెప్తవని నాకెరుకే," అంది. ఆగి, కోపం లేకుండానే అడిగింది. "మరి మూడు దినాలు పట్టిందేంది?"

నా పేరు కొట్టేయలేదు లెండి. నెల రోజులు వంటింట్లో బియ్యంలో రాళ్ళు ఏరాను. మేడమ్ ముత్తమ్మతో తప్పయిందని అనలేదు గానీ, మళ్ళీ ఆమె డబ్బా జోలికి రాలేదు.

ఇప్పుడు ఉప్పుచేప గాలి చొరని సంచుల్లో దొరుకుతోంది. వెదురు కొమ్ములు సీసాల్లో వస్తున్నాయి. మా అమ్మాయి హాస్టల్లో గదికి నలుగురు... ఎవరి ఫోన్లో వాళ్ళు, ఎవరి తిండి వాళ్ళు తెప్పించుకుంటారు. పక్క మంచం పిల్ల వాళ్ళింట్లో ఏం వండుతారే అని అడిగితే తెలియదంది.

నేను దేనికైనా ఠక్కున జవాబు చెప్పే మనిషిని. ముత్తమ్మ అడిగినదానికి మాత్రం ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. మీకు పడాల్సిన మాట మీ బదులు పడ్డవాళ్ళు మీకూ ఉండే ఉంటారు... వాళ్ళ పేరు కింద రాయండి. ఈసారి మూడు రోజులు ఆగకుండా నేనే ముందు రాస్తున్నాను... ముత్తమ్మ.