పొయ్యి మీద పెట్టిన కిన్నెర బుర్ర

మా క్వార్టర్లల్ల తడిసింది ఏదైనా పొయ్యి మీదనే ఆరేది. బొగ్గుబాయిల పనిచేసేటోళ్లకు బొగ్గు ఫుకట్, పైస ఇచ్చేది లేదు. వానకాలమైతె బనీన్లు, ఒడియాలు, మా మామ డ్యూటీ బూట్లు అన్నీ పొయ్యి కాడనే. ఆ అలవాటే నన్ను ముంచింది.

మా మామ అంటె నా పెనిమిటి నాయిన. బొగ్గుబాయిల కప్పు కూలకుంట కర్ర మొద్దులు నిలవెట్టేటోడు. ఇంటికొస్తె పాత కిన్నెరలు, తంబూరలు బాగుచేసేటోడు. ఎవలు నేర్పిండ్రో నాకు తెల్వది, ఆయన చెప్పలే.

ఆ యేడు ముసురుల కిన్నెర తాత వచ్చిండు. ఊరూరు తిరిగి కులం కథ చెప్పే ముసలాయన. వాగు దాటంగ కాలు జారి కిన్నెర నీళ్లల్ల వడ్డదట. వెదురు కర్ర, దాని కింద మూడు సొరబుర్రలు, కర్ర మీద తేనెమైనంతోని అతికిచ్చిన మెట్లు. వాళ్ల నాయిన వాయించిన కిన్నెర. మెట్లు కదులుతున్నయి, నడిమి బుర్ర నాని మెత్తవడ్డది.

"ఐతారం పక్కూర్ల కథ ఉన్నది తమ్మీ. కిన్నెర లేకుంట పోతె ఆళ్లు వేరేటోన్ని పిలుస్తరు. ఒక్కపాలి పిలిస్తె ఇంక ఆ ఊరు నాది కాదు" అన్నడు.

"ఐతారం పొద్దుగాల తీస్కపో అన్నా" అని మామ మాటిచ్చిండు.

బుర్రలు విప్పి గూట్లె బట్ట మీద పెట్టి నాకు చెప్పిండు. "నీడకే ఆరాలె బిడ్డా. ఆత్రపడితె పగుల్తది."

మూడు రోజులు ముసురు ఇడువలే. శుక్రారం మామ మొదటి షిఫ్టుకు పోయినంక నడిమి బుర్రల వేలు పెట్టి చూసిన. ఇంక చల్లగనే ఉన్నది, బూజు వాసన. గిట్లనే ఉంటె ఐతారానికి ఎట్ల ఆరుతది? మంచి చేస్తున్న అనుకొని, ఉట్టిల పెట్టి పొయ్యికి జర ఎత్తున యాలాడదీసిన. బియ్యం చెరుగుతుంటె టప్పుమన్నది.

మీది నుంచి కిందికి జానెడు పగులు.

కొత్త బుర్ర కావాలంటె కాయ తీగె మీద ముదరాలె, ఎండాలె, లోపటి గుజ్జు తియ్యాలె, మల్ల ఎండాలె. ఐతారానికి రెండు రోజులే ఉన్నయి. దాచిపెట్టాలన్న బుద్ధి పుట్టలేదంటె అబద్ధమైతది. బుర్రను తిప్పి పగులు గోడ దిక్కు పెట్టిన. కని మామ వచ్చి కాళ్లు కడుక్కుంటుంటె నోరాగలే.

"మామా, బుర్రను పొయ్యి మీద పెట్టిన. పగిలింది."

ఆయన బుర్ర తీసి పగులు పొడుగూత వేలు నడిపిండు.

"చింతగింజలున్నయా?"

"ఉన్నయి."

"వేంచి, పొట్టు దీసి, పిండి విసురు."

శనారం ఆయన డ్యూటీకి నాగా పెట్టిండు. ఆ పిండిని అంబలి లెక్క జిగురు కాచి, పాత ధోతి పేలికలు అండ్ల ముంచి, బుర్ర లోపట పగులు మీద అంటిచ్చిండు. బయట దారం బిగిచ్చి చుట్టిండు. ఆ పనైతుండంగనే సైరన్ కూసింది.

మీదికెల్లి నేల పేల్చి బొగ్గు తీసే ఓపెన్‌కాస్టు గని కొత్తగ వడ్డది, అండ్ల రోజు పగటీలి బ్లాస్టింగు. గూట్లె గిన్నెలన్నీ గలగలమంటయి. జిగురు ఇంక పచ్చిగనే ఉన్నది. బుర్ర అదిరితె పగులు మల్ల ఇచ్చుకుంటది.

"చెద్దరు మడతేసి కూసో. ఒళ్లె పెట్టుకొని రెండు చేతుల అదిమి పట్టు."

"నాకు భయమైతుంది మామా, నువ్వే పట్టు."

"పగులగొట్టిన చెయ్యే పట్టాలె."

పట్టుకున్న. ఒక దెబ్బ వడ్డది. తలుపు గొళ్లెం కొట్టుకున్నది. రెండో దెబ్బకు నేల అదిరి నా మోకాళ్లదాక వచ్చింది. మూడోది ఉంటదని ఎరికే, కని అది వస్తలేదు. చేతులు తిమ్మిర్లెక్కినయి, ముక్కు మీద చెమట తుడుసుకుందామన్నా చెయ్యి తియ్యలేను. అది పేలినంక గూడ చానాసేపు ఇడువలే. మామనే ఒక్కొక్క వేలు తీసిండు. పగులు ఇచ్చుకోలే.

ఐతారం తెల్లారంగనే తాత వచ్చిండు. మామ బుర్రలు మల్ల కట్టి, మైనం కాచి మెట్లు అతికిచ్చి, తీగెలు బిగిచ్చి ఉంచిండు. తాత ఎదకు ఆనిచ్చుకొని ఒక్క తీగె మీటి ఆగిండు.

"నడిమిది బాయి పని చేసొచ్చినట్టు దగ్గుతుంది తమ్మీ."

"నానింది గద అన్నా..." అంటుండు మామ.

నన్ను కాపాడుతుండని అర్థమైంది. ఆ అబద్ధం తాత నమ్మి పోతె నా మనసు ఆగదు.

"నానుడు కాదు తాతా. పొయ్యి మీద నేనే పెట్టిన."

తాత నన్ను కిందికెల్లి మీదికి చూసిండు. "పొయ్యి మీద పెట్టనీకె ఇదేమన్న ఒడియమా బిడ్డా?"

ఆయన తీగెలు జర వదులు చేసిండు, మల్ల మీటిండు, గొంతు దించి కూనిరాగం తీసిండు. దగ్గు తక్కువైంది. "నా గొంతు గూడ ఎన్నడో పగిలింది. చూద్దాం" అని, కిన్నెరను గొంగట్ల చుట్టుకొని వానల వడి పోయిండు.

సోమారం పొద్దుగాల గడపల నీడ వడ్డది. తాత. భుజం మీది బియ్యం మూట దించి, "ఆకలైతుంది, అన్నం పెట్టు. వచ్చే యేడు గూడ నన్నే రమ్మన్నరు" అన్నడు.

నేను పళ్లెం తెచ్చేలోపల కిన్నెరను తీస్కపోయి, పొయ్యికి దూరంగ, వాన పడని వసార గోడకు ఆనిచ్చొచ్చి కూసున్నడు.