పెద్దమ్మ ఒక్కపొద్దులు

బతుకుదెరువుకు గుజరాత్ వచ్చి మేముంటున్న కోసాడ్‌లో, మా పక్కింటి పెద్దమ్మ మొన్న మంగళవారం పొద్దున కన్నుమూసింది. అరవై ఎనిమిదేళ్లు. "నిష్ఠగల్ల మనిషి, ఉపాసాలుండి దేవునిల కలిసింది" అని బిల్డింగులో అందరూ అంటున్నారు. ఆ ఉపాసాలకు నిష్ఠ అన్న పేరు మొదట పెట్టింది నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. భర్త పోయాక పెద్దమ్మ సోమవారం ఒక్కపొద్దు పట్టింది. తర్వాత గురువారం, శనివారం చేరాయి. కింది అంతస్తు గుజరాతీ ఆడవాళ్లు కూడా ఆమెకు దండం పెట్టేవారు. ఎవరింట్లో విందున్నా ఆ రోజుకి ఆమెకు ఏదో ఒక దేవుడు దొరికేవాడు. మాకు మాత్రం కొసరి కొసరి వడ్డించేది. నాకు కాస్త మాడిన సర్వపిండి ఇష్టమని గుర్తుపెట్టుకుని తెచ్చేది, తను ముక్క తుంచేది కాదు.

"కడుపు మాట ఇనొద్దు బిడ్డా, ఇచ్చినకొద్దీ అడుగుతది," అనేది. అదీ భక్తే అనుకున్నాను.

ఒక్క ఏడాదిలో మూడుసార్లు జాకెట్లు తెచ్చింది. "వదులైనయ్, జర లోపటికి కుట్టు" అని. మూడోసారి టేపు పెడితే వీపు ఎముకలు వేళ్లకు తగిలాయి. నేనేమన్నానో తెలుసా? "పడుచుపిల్ల లెక్కయినవ్ పెద్దమ్మా." ఆమె మురిసిపోయి అద్దం ముందు పక్కకు తిరిగింది. "ఇంకా పొట్ట ఉన్నది సూడు," అంది. పొట్ట ఎక్కడా లేదు. అయినా కుట్టి ఇచ్చాను.

చివరికి ఆమెను ఆస్పత్రిలో చేర్చాక, డాక్టరమ్మ ఆమె కొడుకునీ నన్నూ పక్కకు పిలిచింది. "ఇది భక్తి కాదు, జబ్బు. లావవుతానన్న భయం. ఈ వయసులోనూ వస్తుంది. ఎవరూ చూడలేదా?" అని అడిగింది. కొడుకు పగలంతా మగ్గాల దగ్గరే ఉంటాడు, అతను చూడలేదంటే నమ్మొచ్చు. నాకు ఇంచులతో సహా తెలుసు.

పోయిన మూడో రోజు తాపీ నది ఒడ్డున, కాకులు ముట్టేలా పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లు ఇష్టపడి తినేవి వండాలి కదా. "అక్కా, అమ్మకు ఏమిష్టముండె?" అని కొడుకు నన్నడిగాడు. అక్కడున్న ఒక్కరికీ తెలియదు. అన్నీ కొంచెం కొంచెం వండి, ఆకులో పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకులు గట్టు మీద వాలాయి గానీ దగ్గరికి రాలేదు. ఎండెక్కింది. చేతులు జోడించి, "జర తిను పెద్దమ్మా," అన్నాను.

ఆమెను తినమని అడగడం నాకు అదే మొదటిసారి.