ఆళ్లగడ్డ చీటీ అంటించిన గొట్టం

రోజుకు వెయ్యి దోమలు పట్టేవాణ్ణని మా మనవరాళ్లకు చెబుతుంటాను. అబద్ధం. బాగా దొరికిన రోజున అరవై. నల్లమల అంచున పులి ఎదురైతే చేతిలోని గాజు గొట్టం చూపించి బెదిరించానని కూడా చెబుతాను. ఎదురైంది గేదె. పరుగెత్తింది నేను.

రిటైరయ్యేదాకా ఆరోగ్య శాఖలో నా ఉద్యోగం దోమలు పట్టడమే. గొట్టం ఒక కొస నోట్లో, రెండో కొస గోడ మీది దోమ దగ్గర పెట్టి పీల్చాలి. దోమ నోట్లోకి రాకుండా మధ్యలో వల గుడ్డ ఉంటుంది. అడవి దోమ వేరు, అవుకు రిజర్వాయరు గట్టు దోమ వేరు, కొత్తపల్లె వరిమడి దోమ వేరు, ఊళ్లో తొట్టి దోమ వేరు. ఏ చోట పట్టినవి ఆ చోటి గొట్టంలోనే వేసి, చీటీ అంటించి, ఐసు పెట్టెలో పరీక్షకు పంపాలి. మనుషులకు జ్వరం రాకముందే ఎక్కడ ఏ వైరస్ తిరుగుతోందో దోమలు చెబుతాయి. చీటీ నిజమైతేనే.

ఆళ్లగడ్డలో నేను దోమలు పట్టే చోటు ఒక శిల్పి షెడ్డు. రాయి కోసే బ్లేడు కాలిపోకుండా నీళ్లు పోయాలి కాబట్టి అక్కడి తొట్లు ఎప్పుడూ నిండుగా ఉండేవి. శిల్పిని అన్నా అనేవాణ్ణి, ఆయన భార్యను వదినా అనేవాణ్ణి. నేను గేటు తీయగానే ఆమె మొదలుపెట్టేది.

"ఏమప్పా, ఈ పొద్దు ఎన్ని మింగినావ్?"

"మూడు. నీ మజ్జిగ కంటే రుచిగా ఉండాయి వదినా."

"అయితే ఆటితోనే కడుపు నింపుకో. ఆ మజ్జిగ చెంబు ఇట్లా ఇయ్యి."

విగ్రహానికి కళ్లు చెక్కే రోజు షెడ్డులో ఏ ప్రాణీ చావకూడదని ఆ ఇంటి పట్టింపు. చీమ కనబడినా ఊది పక్కకు పంపేవాళ్లు. ఒక వానాకాలం నేను వెళ్లిన రోజు వదిన గేటు దగ్గరే ఆపింది.

"మీ అన్న అమ్మవారికి కళ్లు చెక్కుతాండాడు. లోపల జీవం తీసేకి లేదు. రేపు రా."

"తప్పకుండా వస్తా."

"తప్పకుండా అన్నావంటే రావులే నువ్వు."

వెళ్లలేదు. మోకాళ్ల నొప్పులు, వాన అని ఆఫీసులో చెప్పాను. వాన తుంపర్లే. మోకాళ్లు ఎప్పుడూ ఉన్నవే. నంద్యాలలో మా పెరటి తొట్టి దగ్గర చారల దోమలు పట్టి, రెండు గొట్టాల్లో సగం సగం వేసి, ఒకదానికి నంద్యాల అని, రెండోదానికి ఆళ్లగడ్డ అని చీటీలు అంటించాను. దోమకు ఊరేముంది అనుకున్నాను.

రెండింటిలోనూ వైరస్ లేదని వచ్చింది. తొట్లు ఒంపించి మందు కొట్టే మనుషులు వైరస్ దొరికిన పల్లెలకు ముందు వెళ్లారు. ఆళ్లగడ్డ వంతు రాకముందే వదినకు జ్వరం వచ్చింది. డెంగీ. నంద్యాల ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన కూర్చుంటే నా ముఖం చూసి, "ఏంటికప్పా ఏడుస్తావ్. నువ్వు అన్నీ సరిగ్గా మింగింటే నాకీ తిప్పలు ఉండేవి కాదు" అంది. నవ్వించడానికే అంది. ఆరో రోజు పోయింది.

దినాలు అయ్యాక అన్న నాతో అన్నాడు: "నేను పెట్టిన పట్టింపే దాన్ని తినింది. ఆ పొద్దు నిన్ను లోపలికి రానిచ్చింటే బతికేది." ఆ తర్వాత ఆయన విగ్రహానికి అంతా చెక్కి, కళ్లు మాత్రం వేరేవాళ్లతో చెక్కించేవాడు. రెండేళ్లు అలా చూస్తూ ఊరుకున్నాను.

చివరికి ఒకరోజు వెళ్లి చెప్పాను.

"అన్నా, మీ పట్టింపు ఒక్కరోజుదే. మర్నాడు నేను రాలే. మా ఇంటి దోమలకు మీ ఊరి చీటీ అంటించినా."

ఉలి కింద పెట్టాడు. "వచ్చింటే బతికేదా?"

బతికేది కాదని చెప్పొచ్చు. అబద్ధాలు నాకు చేతకానివి కావు.

"తెలీదన్నా. ఈడ వైరస్ దొరికింటే, మావోళ్లు ముందు ఈడికే వచ్చుండేవాళ్లు."

చేతులకు అంటిన రాతి పొడి దులుపుకున్నాడు.

"రెండేండ్లు నేను కళ్లు చెక్కలే" అన్నాడు. తర్వాత, "ఇంక ఈడికి రావాకు."

వెళ్లలేదు. ఆయన మళ్లీ కళ్లు చెక్కుతున్నాడో లేదో అడగడానికి ఆ ఊళ్లో నాకు వేరే ఎవరూ లేరు.