ఇరవై రాళ్లు, పదిహేడు కిలోమీటర్లు

ఉదయం ఐదుంబావుకు సంగారెడ్డి చౌరస్తాలో దిగాం. పదకొండు మంది జవాన్లం, ఒక సుబేదార్. తొంభైల మొదట్లో మాట. హత్నూర దారిలో, రాళ్ల నేల మీద ఎనిమిది నెలల సర్వే క్యాంపు. గుడారాలు ఎనిమిది, నీళ్ల డ్రమ్ములు ఆరు, వైర్‌లెస్ సెట్టు ఒకటి. పొద్దున తొమ్మిదింటికే పానా పట్టుకుంటే చెయ్యి కాలేది.

మంచు, సరిహద్దు కథలు అడిగేవాళ్లకు ఈ పోస్టింగ్ నచ్చదు. మా ఊరు లక్డారం అక్కడికి గంట ప్రయాణం. అయినా నా సర్వీసులో నన్ను వదలని డ్యూటీ ఇదే. మా ఊళ్లో ఇప్పటికీ నా గురించి గొప్పగా చెప్పుకుంటారు, హవల్దార్ డీజిల్ దొంగను పట్టాడని. నేను పట్టలేదు. అసలు దొంగే లేడు.

నేను బండ్ల మెకానిక్‌ని. క్యాంపుకు ఒక పాత పికప్ ఇచ్చారు. రాజస్థాన్ ఇసుకలో ఇంకో యూనిట్ వాడి వదిలేసిన బండి. డ్రైవర్ ఖాజా భాయ్ సంగారెడ్డివాడు. యాభైకి దగ్గరపడిన సివిలియన్, తాత్కాలిక ఉద్యోగం. క్యాంపు ముగిసేదాకా మచ్చ లేకుండా చేస్తే పర్మినెంట్‌కు సిఫారసు రాస్తానని సుబేదార్ మాటిచ్చాడు. ఖాజా నోట్లో ఎప్పుడూ పాన్ ఉండేది, జేబులో సున్నం డబ్బీ.

రోజూ ఏడింటికి పటాన్‌చెరు వెళ్లి సరుకులు, డీజిల్ తేవాలి. బండి పుస్తకం ప్రకారం లీటరుకు పది కిలోమీటర్లు రావాలి. ఎనిమిదే వచ్చింది. పైగా టాప్ గేర్ వేస్తే ఇంజను మూలిగేది. చిన్న ఎత్తు వచ్చినా మూడో గేరుకు దిగాల్సిందే.

"నాలుగోది ఏస్తే బర్రె బురదల కూసున్నట్టు కూసుంటది సాబ్," అన్నాడు ఖాజా.

"బర్రె కాదు భాయ్, నీ కాలు. క్లచ్ మీదికెల్లి తియ్యవు."

"ముప్పై ఏండ్ల సంది స్టీరింగ్ పడుతున్న. నా కాలు సంగతి నాకెరుక లేదా?"

మూడు రోజులు బండి కింద పడుకున్నాను. ఎయిర్ ఫిల్టర్ కడిగాను. ఇంజెక్టర్లు విప్పాను. క్లచ్ సరిచేశాను. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాను. బ్రేకులు పట్టేస్తున్నాయేమో చూశాను. టైర్లలో గాలి చూశాను. టైర్ల సైజు చూడలేదు. మళ్లీ ఎనిమిదే వచ్చింది.

సుబేదార్ సర్వే పార్టీతో గుట్టల మీద ఉన్నాడు. వైర్‌లెస్ ఆపరేటర్ వరంగల్ పిలగాడు. చెవికి సెట్టు పెట్టుకుని నా వైపు తిరిగాడు. "అన్నా, సుబేదార్ సాబ్ అడుగుతుండు. డీజిల్ బండి తాగుతుందా, డ్రైవర్ తాగుతుండా అని."

తెలియదు అనడానికి నాకు నోరు రాలేదు. "డ్రైవర్ మీద అనుమానమని చెప్పు," అన్నాను.

ఖాజా నా గుడారానికి వచ్చాడు. "నా మీద షక్ జేసుడు ఆపి, సడక్ మీద కిలోమీటర్ రాళ్లు లెక్కవెట్టు సాబ్. మీటర్ తక్కువ జూపిస్తున్నది."

"మీటర్‌కు నీ మీద ఏం పగ భాయ్?"

గుడారంలో అందరూ నవ్వారు. ఖాజా నవ్వలేదు. మర్నాడు పటాన్‌చెరు నుంచి రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. "రాళ్లకాడ ఆగిన," అన్నాడు. దాన్ని కూడా రిపోర్టులో సాకు కింద రాశాను. ఆ సాయంత్రమే అతణ్ణి పనిలోంచి తీసేశారు.

ఇక బండి నేనే నడిపాను. ట్యాంకు మూతకు తాళం వేశాను. తాళంచెవి నా మెడలోనే ఉండేది. వారం గడిచింది. ఎనిమిదే. ఆ లెక్కన దొంగను నేనే.

ఎనిమిదో రోజు రేడియేటర్ మరిగింది. కిలోమీటరు రాయి పక్కన ఆపి నీళ్లు పోస్తున్నాను. రాయి పసుపు తల మీద తెల్లటి వేలిముద్ర కనిపించింది. గీరి చూశాను. సున్నం. తర్వాతి రాయి దగ్గర ఆపాను. అక్కడా ఉంది. వెనక్కి తిరిగి, మొదటి ముద్రకు ముందున్న రాయి నుంచి మీటరు చూస్తూ మొదలుపెట్టాను. రాళ్ల లెక్క ఇరవై కిలోమీటర్లు. మీటరు తిరిగింది పదిహేడు.

దిగి, టైరు పక్క దుమ్ము అరచేత్తో తుడిచాను. సైజు అక్కడే అచ్చయి ఉంది. ఇసుకలో దిగబడకుండా ఆ యూనిట్ పెద్ద టైర్లు వేసుకుంది. పెద్ద చక్రం ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది. ఆ సంగతి మీటరుకు తెలియదు. ఆ పెద్ద చక్రాన్ని తిప్పలేకే టాప్ గేర్‌లో ఇంజను మూలిగింది. రెండు జబ్బులకూ కారణం ఒకటే.

డిపో నుంచి సరైన టైర్లు తెచ్చి వేశాను. పది వచ్చింది. నాలుగో గేరు వెన్నలా పడింది.

"షాబాష్! డ్రైవర్ పోయిండు, డీజిల్ నిలిచిందంటుండు సుబేదార్ సాబ్," అన్నాడు ఆపరేటర్.

"జీ సాబ్ అని చెప్పు," అన్నాను.

ఇన్నేళ్లుగా దాచింది ఇదే. నిజం తెలిశాక కూడా నాలుగు రోజులు నోరు విప్పలేదు. ఆ నాలుగు రోజుల్లోనే మా తమ్ముడు క్యాంపుకు వచ్చి, దొంగ కథ విని, ఊరికి మోసుకెళ్లాడు. తర్వాత సెలవులో వెళ్లినప్పుడు కూడా దాన్ని సరిదిద్దలేదు. పొగడ్త తియ్యగా ఉండింది.

ఐదో రోజు ఉదయం ఆరుంబావుకు, గుట్టల నుంచి దిగిన సుబేదార్ ముందు నిలబడి అంతా చెప్పాను. ఆయన అరవలేదు. నా రిపోర్టు, పెన్ను నా ముందుకు తోశాడు. "తుమ్నే లిఖా. తుమ్ హీ కాటో."

నేను రాసినదాన్ని నేనే కొట్టేశాను. కింద నా తప్పు రాసి సంతకం పెట్టాను. ఖాజాను తిరిగి పనిలోకి తీసుకురమ్మని సుబేదార్ నన్నే పంపాడు.

ఖాజా ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో ట్రాక్టర్ మీద ఇటుకలు తోలుతున్నాడు. పికప్‌లో వచ్చిన నన్ను చూసి ఇంజను ఆపాడు. పికప్ చుట్టూ ఒకసారి తిరిగి టైర్ల దగ్గర ఆగాడు.

"రాళ్లు చెప్పినయా?"

"చెప్పినయి. చెప్పి నాలుగు రోజులాయె భాయ్. నేనే దాచిన. తప్పు నాది."

పాన్ పక్కకు ఉమ్మాడు. "మా ఇంటామె దినాం నీకు శాపం వెడుతున్నది. ఇగ బంద్ జెయ్యమని చెప్పాలె." పికప్ తలుపు తెరిచి, స్టీరింగ్ ముందే కూర్చున్న నా భుజం తట్టాడు. "జరుగు. గా సీటు నాది."

క్యాంపు ఎత్తేసిన రోజు చౌరస్తాలో నన్ను దింపింది ఖాజాయే. దారంతా టాప్ గేరే. సిఫారసు కాయితం అతని జేబులో, సున్నం డబ్బీ పక్కన ఉంది. ఏడాది తిరక్కుండా పర్మినెంట్ అయింది.

ఇప్పుడు ఆ సడక్ వెడల్పయింది. పాత రాళ్లు లేవు. బస్సులో పటాన్‌చెరు దాటుతుంటే నాకు మాత్రం కనిపిస్తూనే ఉంటాయి. మండే ఎండలో, ఎవరూ నమ్మని మనిషి ఇరవై సార్లు బండి దిగి వెళ్లిన రాళ్లు. పసుపు తల మీద, ఒక్కో తెల్లటి వేలిముద్ర.