చిటికెడు పొడి

ఆ పిండిమిల్లులో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాడు లేడు. చిటికె బాబాయ్, అంతే. ఇరవై రెండేళ్లుగా ఆయన పని ఒక్కటే. మూడో అంతస్తులో, గాలికి పొడి ఎగిరిపోతుందని కిటికీ కూడా పెట్టని గదిలో కూర్చుని, గొట్టంలోంచి జారిపోయే గోధుమపిండిలో విటమిన్ల పొడి సరిగ్గా పడుతోందో లేదో చూడటం. ఫోలిక్ ఆమ్లం, బి విటమిన్లు, ఇనుము అన్నీ కలిసిన పొడి అది. టన్ను పిండికి పావుకిలో.

"బస్తా వాళ్లది, బలం నాది" అని ఇంట్లో కోతలు కోసేవాడు. ఉత్త కోతలని కొట్టిపారెయ్యడానికీ లేదు. ఊళ్లో రొట్టె తినే ప్రతి కడుపులోకీ ఆయన చిటికె వెళ్లాల్సిందే మరి.

గంటకోసారి పొడి పడేచోట గిన్నె పెట్టాలి. నిమిషంలో పడినదాన్ని తూచి, కాగితం మీద అంకె వేసి సంతకం చెయ్యాలి. ఇరవై ఐదు గ్రాములు రావాలి, ఎప్పుడూ అదే వచ్చేది. మోకాళ్లు మొరాయించాక బాబాయికి ఆ వంగడం చాదస్తంగా తోచింది. పొడి రాల్చే మర జుయ్యిమంటోంది, దానిమీద పచ్చదీపం వెలుగుతోంది, ఇంకేం కావాలట? చెవితో వినడం, చేత్తో ఇరవై ఐదు వేసెయ్యడం. ఎన్ని నెలలుగా అలా చేస్తున్నాడో ఆయనకే గుర్తులేదు.

ఆదివారం పక్కవీధి నుంచి కూతురు వచ్చింది. పెళ్లయిన ఆరేళ్లకు నెల తప్పింది, రెండో నెల. తల్లి ఏడ్చేసింది, బాబాయి ముక్కు చీదుకుంటూ జలుబన్నాడు.

"ఆ నర్సక్క ఉంది చూడు, ఒకటే సతాయింపు," అని కూతురు నవ్వింది. "మొదటి నెలలోనే పిల్ల వెన్నెముక కుదురుకుంటుందట, కడుపు రాకముందు నుంచే ఫోలిక్ మాత్రలు మింగాలట. పిండిలో ఉన్నది ఒక్కటే చాలదు, మాత్ర మానొద్దు అంది. అవి మింగితే నాకు కడుపులో తిప్పుతుంది నాన్నా. మా నాన్న స్వయంగా కలిపిన పిండి తింటున్నాను, నాకెందుకులే అని డబ్బా మూతే తియ్యలేదు!"

బాబాయి నవ్వబోయాడు. తను గిన్నె పెట్టి ఎన్నాళ్లయిందా అని లెక్కేసుకున్నాడు.

సోమవారం గదిలోకి వెళ్లగానే మోకాళ్లమీద కూలబడి గిన్నె పెట్టాడు. మర జుయ్యిమంటోంది. పచ్చదీపం వెలుగుతోంది. నిమిషమైంది, గిన్నె కడిగి బోర్లించినట్టే ఉంది. లేచి మర మీదుండే పొడి డబ్బా మూత తీశాడు. పొడి నిండుగా ఉంది. కర్రతో పొడిచాడు, పైన పెచ్చు విరిగింది, కింద అంతా బోలు. వానల తేమకు పొడి గడ్డకట్టి వంతెనలా నిలబడిపోయింది. అడుగున మర ఉత్తినే తిరుగుతోంది. పొడి నింపాల్సిన పనివాడు, ఎప్పుడు చూసినా నిండుగానే ఉంది కదా అని ముట్టుకోనే లేదు.

బాబాయి పిలిస్తే సూపర్‌వైజర్ పైకొచ్చి చూశాడు. తలుపు మూశాడు.

"చెక్కసుత్తితో నాలుగు తగిలించు బాబాయ్, పడుతుంది. ఇరవై ఐదు వేసి ఊరుకో."

"ఇప్పటిదాకా బయటికి పోయిన పిండి సంగతేంటి సార్? ఊరంతా తింటోంది. మా అమ్మాయి..."

"సంతకాలన్నీ ఎవరివి? నావా? నోరు తెరిచావంటే ముందు మునిగేది నువ్వే."

కుడితిలో పడ్డ ఎలుకైపోయాడు బాబాయి. చెప్తే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే ఊళ్లో కడుపుతో ఉన్న ఆడపిల్లలందరూ ఆ పచ్చదీపాన్నే నమ్ముకుని ఉంటారు. సుత్తితో కొట్టాడు. పొడి జలజలా రాలింది. మర చప్పుడు మాత్రం ఇందాకటిదే, రవ్వంత తేడా లేదు! ఛీ, నా చెవీ ఒక చెవేనా అని తనను తానే తిట్టుకున్నాడు. కలం తీసి, సూపర్‌వైజర్ చూస్తుండగానే పొద్దుటి గడిలో తను తూచిన అంకె వేశాడు. కాగితాల కట్ట చొక్కాలో దోపుకుని మెట్లు దిగాడు. వెనక కేకలు వినిపిస్తూనే ఉన్నాయి.

పక్కవీధికి వెళ్లేసరికి కూతురు రొట్టె కాలుస్తోంది. "తిను నాన్నా, నీ పిండే," అంది.

చెప్పేశాడు. ఏదీ దాచలేదు. కూతురు పొయ్యి ఆర్పి కూర్చుంది.

"ఎప్పట్నుంచి పడట్లేదు నాన్నా?" అంది. "నెల తప్పకముందా, తర్వాతా? అదొక్కటి చెప్పు."

"ముందు నర్స్ దగ్గరికి పోదాం తల్లీ. మాత్రలు ఇవాళే..."

"పోదాం. అది చెప్పు ముందు."

కాగితాలు ఆమె ముందు పరిచాడు. నెలల తరబడి, గంట గంటకీ, ముత్యాల్లాంటి అక్షరాల్లో ఇరవై ఐదు, కింద సంతకం. ఆమె ఒక్కో వరుస మీదా వేలు జరుపుతూ తన తేదీల కోసం వెతుక్కుంది.

"వీటిల్లో నువ్వు నిజంగా తూచినవి ఏవి నాన్నా?"

"ఒక్కటే తల్లీ," అని బాబాయి ఆఖరి గడి చూపించాడు. అందులో సున్నా ఉంది.